ఎనిమిది మంది పట్టే తొట్టి

తొట్ల షాపువాడు మొదటి నుంచీ మల్లికార్జున్‌తోనే మాట్లాడుతున్నాడు. నడుం నొప్పి ఎవరికని ఒక్కసారి అడిగాడు. "మా ఆవిడకి" అని మల్లికార్జున్ చెప్పాడు. అక్కడి నుంచి ఆ నడుం సంగతులు కూడా మల్లికార్జున్‌నే అడగడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళ నుంచి? నిలబడితే ఎక్కువా, కూర్చుంటే ఎక్కువా? కాల్లోకి పాకుతుందా? నళిని పక్కనే ఉంది. హ్యాండ్‌బ్యాగుని రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుంటే నడుం మీద లాగుడు కాస్త తగ్గుతుంది కాబట్టి అలా పట్టుకుని నిలబడింది.

"రెండు మూడు నెలల నుంచీ" అన్నాడు మల్లికార్జున్.

పద్నాలుగు నెలలు. నళిని దిద్దబోయి ఊరుకుంది. దిద్దితే షాపువాడి ముందు మొగుణ్ణి చిన్నబుచ్చినట్టవుతుంది. చిన్నబుచ్చకుండా ఊరుకోవడం ఆమెకి బాగా అలవాటైన పని.

డిట్రాయిట్ పక్కనున్న నోవైలో అది అక్టోబరు మొదటి శనివారం. ఆ యేడు, ఎనభై అయిదులో, ఎవరింటికి వెళ్ళినా హాట్ టబ్ మాటే, పెరట్లో వేడినీళ్ళ తొట్టి అదో సోకు. వీళ్ళ సంగతి వేరు. నళినికి వెన్నులో ఒక డిస్కు పక్కకి జరిగింది. వసంతం దాకా చూద్దాం, రోజూ పొద్దున్నే పనిలోకి వెళ్ళేముందు ఇరవై నిమిషాలు వేడినీళ్ళలో కూర్చుని సరిగ్గా నొప్పి ఉన్నచోట నీటిధార తగిలేలా చూసుకో, తగ్గకపోతే ఆపరేషన్ చేద్దాం అన్నాడు సర్జన్. ఆపరేషన్ అయితే వంగి చేసే పని ఇక కుదరకపోవచ్చు అని కూడా అన్నాడు. నళిని చేసేది వంగి చేసే పనే. ఆసుపత్రి లాబ్‌లో టెక్నాలజిస్టు, పొద్దున్నే మంచాల దగ్గరికి వెళ్ళి రక్తం తీస్తుంది. ఆ పనంటే ఆమెకి ప్రాణం.

మల్లికార్జున్ కూరగాయలు కొనడానికి కూడా గ్రాఫ్ పేపరు పట్టుకెళ్ళే మనిషి. ఒక కార్ల కంపెనీలో సీట్ల డిజైన్ ఇంజనీరు. ఈ వ్యవహారానికి మూడు వారాల నుంచి నోట్సు రాస్తున్నాడు. పంపు ఎంత హార్స్‌పవరు, హీటరు ఎన్ని కిలోవాట్లు, మిషిగన్ చలికి మూత ఎంత మందం ఉండాలి, చెక్క తొట్టి నయమా, అక్రిలిక్ నయమా. సెప్టెంబరులోనే పెరట్లో సిమెంటు దిమ్మ పోయించి కరెంటు లైను లాగించేశాడు. అన్నీ ఉన్నాయి ఆ కాగితాల్లో. నళిని ఒక్కతే లేదు.

షాపులో తొట్లు గోడకి వరసగా, తోమి నిలబెట్టిన పళ్ళేల్లా నిలబెట్టి ఉన్నాయి. నీళ్ళు పోసినవి రెండే రెండు. నడిమధ్య ఎనిమిది మంది పట్టే మీగడరంగు తొట్టి, మూల ముగ్గురు పట్టే గోధుమరంగు తొట్టి. రెండింట్లోంచీ ఆవిరి లేస్తోంది.

"పొడిగా చూసి ఎప్పుడూ కొనకండి" అన్నాడు షాపువాడు. గ్యారీ అని చొక్కా మీద పేరుంది. "నీళ్ళలో కూర్చుని చూడాలి. బట్టలు మార్చుకునే గది వెనక ఉంది. కావాలంటే కొత్త స్విమ్ సూట్లు కూడా ఉన్నాయి. ఇద్దరూ కూర్చోండి."

మల్లికార్జున్ నిక్కరు ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. నళిని నోరు తెరిచే లోపలే, "మా ఆవిడ రాదు. మా ఆడవాళ్ళు అలాంటివి చెయ్యరు" అన్నాడు, ఏదో పతకం చూపిస్తున్నట్టు. నళిని నవ్వింది. ఆ నవ్వులో హమ్మయ్య అనుకోవడం ఉంది, కాస్త గర్వం కూడా ఉంది. డిట్రాయిట్ తెలుగువాళ్ళలో ఆమెకి పేరు. అమెరికా వచ్చి ఇన్నేళ్ళయినా నళిని కట్టూ బొట్టూ మారలేదు అని పెద్దవాళ్ళు తమ కోడళ్ళకి చెబుతారు. కూతురు రేణు పక్కనే కుర్చీలో కూర్చుని ఏదో పత్రిక తిరగేస్తోంది. పదిహేనేళ్ళది, స్కూల్లో ఈత జట్టులో ఉంది. తల ఎత్తి తల్లి నవ్వుని చూసి, మళ్ళీ పత్రికలోకి దించుకుంది.

మల్లికార్జున్ ఆరడుగులకి ఒక్క అంగుళం తక్కువ. పెద్ద తొట్టిలో దిగి, చేతులు రెండు పక్కలా చాపి, కళ్ళు మూసుకుని, "అబ్బా!" అన్నాడు. సీటు మార్చాడు. మళ్ళీ "అబ్బా!" అన్నాడు.

నళిని మూలనున్న చిన్న తొట్టి దగ్గరికి వెళ్ళింది. అందులో ఒక సీటు మిగతావాటి కంటే ఎత్తుగా ఉంది. లోపల దిగడానికి ఒక మెట్టు కూడా ఉంది. వంగలేక మోకాళ్ళు మడిచి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. వేడి సరిగ్గా అమ్మ పోసే తలంటి నీళ్ళంత ఉంది. "ఏమండీ, ఇది చూడండి ఒకసారి" అంది.

"అది ఆటబొమ్మ తొట్టి నళినీ. నలుగురొస్తే ఎక్కడ కూర్చోబెడతాం? రామమోహనరావు గారొక్కరే ఇద్దరి పెట్టు!"

"ఆవిడ చిన్న మనిషి. కూర్చోకుండా తీసుకుంటే..." అని గ్యారీ నసిగాడు.

"షి విల్ అడ్జస్ట్" అన్నాడు మల్లికార్జున్ నీళ్ళలోంచి.

పెద్దదే తీసుకున్నారు. గిడ్డంగిలో సరుకు ఉంది, మంగళవారానికి పంపిస్తామన్నారు.

*

సోమవారం పొద్దున అయిదున్నరకి నళిని ట్రే పట్టుకుని మూడో అంతస్తులో ఉంది. ఎరుపు మూత గొట్టాలు, ఊదా మూత గొట్టాలు, స్పిరిట్ దూది, సూదులు, చేతికి కట్టే రబ్బరు పట్టీ. ఎవరి రక్తనాళం ఎక్కడ దాక్కుందో చూపుడువేలి కొసకి తెలుస్తుంది. డెబ్భై దాటిన ముసలమ్మలకి చర్మం కింద నాళం జారిపోతూ ఉంటుంది. దాన్ని బొటనవేలితో కిందకి లాగి పట్టి, మాట్లాడిస్తూ, ఆవిడ అవునో కాదో అనే లోపల సూది లోపలికి పోవాలి. నళిని సూది రెండోసారి గుచ్చిందని ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేరు. కొందరు రోగులు ఆ పొట్టి ఇండియన్ అమ్మాయినే పంపండి అని అడుగుతారు కూడా. నలభై ఒక్క ఏళ్ళొచ్చినా వాళ్ళకి ఆమె అమ్మాయే.

పదకొండో మంచం దగ్గర వంగింది. నడుంలో ఎవరో తాడు పట్టి గుంజినట్టయి, ఎడం కాలు మడమ దాకా మంట పాకింది. సూది చేతిలో ఉంది. కదలకూడదు. పళ్ళు బిగపట్టి గొట్టం నిండే దాకా అలాగే ఉంది. నిండిన గొట్టాన్ని మెల్లగా అటూ ఇటూ వంచి, దూది అద్ది, పట్టీ అతికించి, అప్పుడు మంచం కమ్మీ పట్టుకుని లేచింది. లాబ్‌కి వెళ్తే అక్కడ బల్లలన్నీ ఎత్తు. మైక్రోస్కోపు అందుకోవాలంటే చెక్క స్టూలెక్కాలి. ఈ దేశంలో మంచాలు ఆమెకి పల్లం, బల్లలు ఆమెకి మెరక. పద్నాలుగేళ్ళుగా వంగుతూనో ఎక్కుతూనో ఉంది.

షిఫ్టు అయ్యాక ఫిజికల్ థెరపీకి వెళ్ళింది. వారానికి ఒక్కరోజు ఇరవై నిమిషాలు ఇస్తారు. స్టీలు తొట్టిలో దించే బల్లని ఆ థెరపిస్టు రెండుసార్లు పైకి, ఒకసారి కిందకి జరిపింది. గొట్టం మూతి తిప్పింది. "ఇక్కడా?" "ఇంకొంచెం కిందకి." "ఇక్కడా?" "ఆ."

ఆ ధార తగిలిన చోట మొదట నొప్పి పెరిగింది. తరవాత వేడి లోపలికి దిగి, ముడి పడ్డ కండరం ఒక్కొక్క పోగే వదలడం తెలిసింది. కాలి మంట మోకాలి దాకా వెనక్కి తగ్గింది. నళిని తల వెనక్కి వాల్చింది. పాదాలు నేలకి ఆని ఉన్నాయి. ఇరవై నిమిషాల పాటు ఆమె ఎవరికీ భార్య కాదు, తల్లి కాదు, ఎవరి రక్తమూ ఆమె చేతిలో లేదు. ఒట్టి సుఖం. రేపటి నుంచి ఇది ఇంట్లోనే రోజూ ఉంటుంది కదా అనుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

*

మంగళవారం తొట్టి వచ్చింది. నలుగురు మనుషులు పట్టుకుని పెరట్లోకి తెచ్చి దిమ్మ మీద పెట్టారు. తోట గొట్టంతో నింపడానికే అయిదు గంటలు పట్టింది. నీళ్ళు కాగడానికి బుధవారం సాయంత్రం అయింది. మల్లికార్జున్ అరగంటకోసారి థర్మామీటరు పెట్టి చూసి, క్లోరిన్ కాగితం ముంచి రంగు చూసి, పుస్తకంలో రాసుకున్నాడు.

గురువారం పొద్దున్నే నాలుగింటికి లేచి నళిని టవల్ తీసుకుంది.

"అప్పుడే దిగకు" అన్నాడు మల్లికార్జున్ పక్క మీద నుంచే. "కెమికల్స్ ఇంకా కుదురుకోలేదు. శనివారం రామమోహనరావు గారూ వాళ్ళూ వస్తున్నారు. చక్కగా కొబ్బరికాయ కొట్టి ఓపెన్ చేద్దాం."

"నాకు నొప్పిగా ఉందండీ."

"పద్నాలుగు... ఇన్ని నెలలు ఆగావు, రెండ్రోజులు ఆగలేవా?"

అయితే పద్నాలుగని తెలుసన్నమాట. నళిని టవల్ మడతపెట్టి కొక్కేనికి తగిలించి, నొప్పి బిళ్ళ వేసుకుని పనికి వెళ్ళింది. శుక్రవారం కూడా అంతే. కారులో స్టీరింగు తిప్పుతుంటే నడుం కలుక్కుమన్నప్పుడల్లా, పెరట్లో మూత కింద నూట రెండు ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర ఊరికే కాగుతున్న నీళ్ళు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

*

శనివారం సాయంత్రం ఏడు కుటుంబాలు వచ్చాయి. కొబ్బరికాయ కొట్టడానికి మాత్రం మల్లికార్జున్ జాగ్రత్తపడ్డాడు. అక్రిలిక్ పగులుతుందని దూరంగా ఒక రాయి మీద కొట్టి, ఆ నీళ్ళు తొట్టిలో పడితే క్లోరిన్ లెక్క తప్పుతుందని గడ్డి మీద చల్లాడు. తొట్టి మూతకి పసుపూ కుంకుమా పెట్టి, వెంటనే గుడ్డతో తుడిచేశాడు. తరవాత మగవాళ్ళు దిగారు. గుండె డాక్టరు రామమోహనరావు గారు దిగగానే నీళ్ళు అంచు దాటి పొర్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. వాళ్ళని ఎవరూ దిగొద్దనలేదు, దిగమనీ అనలేదు. జానకీదేవి, రామమోహనరావు గారి భార్య, ఉల్లిపాయలు తరుగుతూ కిటికీలోంచి చూసి, "పసిపిల్లలకి టబ్బులో నీళ్ళు పోసినట్టుంది" అంది.

"మీరు దిగుతారా పిన్నిగారూ?" అంది నళిని.

"నేనా? రామ రామ! అంతమంది మగాళ్ళలోనా! అయినా మోకాళ్ళు ఎంత సలుపుతున్నాయో, వేడినీళ్ళు తగిలితే ప్రాణం లేచొచ్చును" అని, ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.

నళిని మిరపకాయ బజ్జీలు వేస్తోంది. మూకుడు ముందు రెండు గంటలు నిలబడింది. పళ్ళెం నిండగానే పెరట్లోకి తీసుకెళ్ళాలి. బయట నలభై ఫారెన్‌హీట్ చలి. తొట్టి అంచు ఆమె నడుం ఎత్తు ఉంది. పళ్ళెం అందించాలంటే దాని మీదుగా వంగాలి. మొదటి పళ్ళెం అందించింది. రెండోది అందించింది. మూడోది పట్టుకుని వంగినప్పుడు సోమవారం పదకొండో మంచం దగ్గర పట్టేసినట్టే పట్టేసింది. తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది. పళ్ళెం మాత్రం ఎవరో అందుకున్నారు.

రామమోహనరావు గారు బజ్జీ కొరికి, కారానికి ఉస్సుమని, మెచ్చుకోలుగా ఆమె కేసి చూశారు. "నళిని గారూ, మీ నడుం పుణ్యమా అని మాకీ సుఖం!"

ఎనిమిది మందీ నవ్వారు. మల్లికార్జున్ అందరికంటే గట్టిగా నవ్వాడు. అతను అప్పుడు అయిదోసారో ఆరోసారో తన ఆఫీసు బొమ్మ గురించి చెబుతున్నాడు. సీటు గీయాలంటే రెండు బొమ్మలుంటాయి. ఒకటి బాగా పొడుగు మగాడిది, రెండోది బాగా పొట్టి ఆడదానిది. నూరుమంది ఆడవాళ్ళలో తొంభై అయిదు మంది దానికంటే పొడుగే. అయినా ఆ బొమ్మ కాళ్ళు పెడల్‌కి అందాల్సిందే, నడుంకి ఆసరా దొరకాల్సిందే, లేకపోతే సీటు పాస్ కాదు. "అదీ ఇంజనీరింగంటే" అని ముగించాడు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ నొప్పొకరిది సోకొకరిది. నళిని వంటింట్లోకి వచ్చి స్టవ్ ఆపేసింది. గిన్నెలో ఇంకా పిండి ఉంది. "అయిపోయాయా?" అని జానకీదేవి అడిగితే, "అయిపోయాయి" అని పిండి సింకులో పారబోసింది.

*

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, నీళ్ళ మీద తేలుతున్న మిరపగింజలు జల్లెడతో తీసి, పాత నైటీతో నళిని తొట్టిలో దిగింది.

కాళ్ళు అడుక్కి అందలేదు. సీటు మీద కూర్చుంటే నీళ్ళు కింది పెదవి దాకా వచ్చాయి. మల్లికార్జున్ మీట నొక్కగానే అలలు లేచి ముక్కులోకి పోయాయి. దగ్గుతూ పక్కకి జరిగింది. నైటీ గాలి నింపుకుని పైకి ఉబ్బింది. ఆనడానికి ఏమీ లేక ఒళ్ళు పైకి తేలిపోతోంది. పట్టుకుని కూర్చుందామని రెండు చేతులా అంచు పట్టుకుంటే నడుం ఇంకా వంకర తిరిగింది. ఎనిమిది సీట్లూ మారింది. ఏ సీట్లో కూర్చున్నా నీటిధార సరిగ్గా మెడ కింద తగులుతోంది. ఆరడుగుల మనిషికి నడుం ఉండేచోట ఆమెకి మెడ ఉంది.

"నీళ్ళు తగ్గించండి" అంది.

"తగ్గిస్తే పంపు గాలి పీల్చి కాలిపోతుంది." మల్లికార్జున్ కాసేపు ఆలోచించాడు. "ఉండు" అని లోపలికి వెళ్ళి బాత్రూంలోంచి ప్లాస్టిక్ పీట తెచ్చాడు. అది తేలింది. గరాజులోంచి రెండు ఇటుకలు తెచ్చి పీటకి తాడుతో కట్టడం మొదలుపెట్టాడు. నళిని నీళ్ళలోంచి లేచి, తడి నైటీతో, వణుకుతూ దాన్నే చూస్తూ నిలబడింది. మొగుడు చాలా శ్రద్ధగా ముడి వేస్తున్నాడు. ఆ శ్రద్ధ చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ ఆఫీసులో ఆ ఆడబొమ్మ ఎత్తెంత?"

"ఏ బొమ్మ? ఫిఫ్త్ పర్సంటైలా? నాలుగడుగుల పదకొండు. ఎందుకూ?"

"నా ఎత్తెంత?"

మల్లికార్జున్ ఇటుక చేత్తో పట్టుకుని తలెత్తాడు. "ఐదు... ఐదడుగులుంటావేమో."

"నాలుగడుగుల పదకొండు."

అతను ఇటుక మీద తాడు ఇంకో చుట్టు తిప్పాడు.

"ముక్కూ మొహం తెలియని ప్లాస్టిక్ బొమ్మకి కాళ్ళందుతాయో లేదో చూడందే మీకు నిద్ర పట్టదు. దాని నడుంకి దిండు ఎక్కడ పెట్టాలో మీకు మిల్లీమీటర్లలో తెలుసు. ఇంట్లో పదిహేడేళ్ళుగా పక్కన పడుకున్న మనిషికి ఇటుకలు కడుతున్నారు!"

"అరవకు నళినీ, పక్కింటివాళ్ళు వింటారు. నీకోసమే కదా ఇదంతా..."

"నాకోసమా? నాకోసం కొన్నదాంట్లో నేనొక్కదాన్నే పట్టలేదు!"

అతని మొహం ఎర్రబడింది. "మరి షాపులో నువ్వే కూర్చుని చూడాల్సింది" అని, ఇటుకలు గడ్డిలో పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

నళిని వంటింట్లోకి వచ్చి తల తుడుచుకుంటూ గోడలకి చెబుతున్నట్టు తిడుతూనే ఉంది. నేను కూర్చోవాలట! ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది? రావద్దన్నది ఆయనే!

రేణు సీరియల్ తింటోంది. "అమ్మా, నాన్న రావద్దు అని చెప్పలేదు. నువ్వు రావు అని చెప్పాడు. నువ్వు స్మైల్ చేశావ్. నేను చూశాను."

నళిని టవల్ పట్టుకుని ఆగిపోయింది.

"వై డిడ్ యూ స్మైల్?" అని రేణు అడిగింది. తప్పు పట్టడానికి అడగలేదు, నిజంగా తెలియకే అడిగింది. "నీ బ్యాక్ కదా?"

చెప్పడానికి నళిని దగ్గర చాలా మాటలున్నాయి. మన పద్ధతులు, పరువు, పెంపకం. అవన్నీ వదిలేసి కుర్చీలో కూలబడింది. మంచి పేరు కోసం తన నడుమే పందెం కాసింది. షాపువాడు అడిగాడు, గది ఉందన్నాడు, బట్టలున్నాయన్నాడు. తను నవ్వి ఊరుకుంది. మొగుడి మీద కోపం ఒక్క వీసం తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు దానికి రెండో చిరునామా కూడా దొరికింది.

*

సోమవారం రెండింటికి షిఫ్టు దిగి, నళిని మాల్‌కి వెళ్ళి ముదురు నీలం స్విమ్ సూటు కొంది. పిల్లల సెక్షన్‌లో దొరికింది. అక్కడి నుంచి తిన్నగా షాపుకి వచ్చింది.

"కూర్చుని చూడాలి" అంది గ్యారీతో.

వెనక గదిలో అద్దం నిలువెత్తుది. పొట్ట మీద రేణు పుట్టినప్పటి గీతలు, ఎండ చూడని తొడలు. అద్దంలో మనిషిని నళిని ఒక క్షణం చూసి, తలుపు తీసింది. తలుపు నుంచి తొట్టి దాకా పన్నెండు అడుగులు. షాపులో ఒక ముసలి జంట ఉంది. మూత నీలం రంగు తీసుకుందామా, గోధుమరంగు తీసుకుందామా అని పోట్లాడుకుంటున్నారు. నళిని వాళ్ళ ముందు నుంచే నడిచింది. ముసలాయన కాస్త పక్కకి తప్పుకుని దారిచ్చి, "గోధుమరంగు మాసిపోయినా కనపడదు" అన్నాడు భార్యతో. అంతే. ఇంకేమీ జరగలేదు. ఇంతోటి దానికా, ఈ చూడనివాళ్ళ కోసమా అనుకుంటే నళినికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మూలనున్న చిన్న తొట్టిలో మెట్టు మీద అడుగుపెట్టి దిగి, ఎత్తు సీటు మీద కూర్చుంది. పాదాలు నేలకి ఆనాయి. నీళ్ళు భుజాల దాకా వచ్చి ఆగాయి. ధార కొంచెం పైన తగిలింది. గొట్టం మూతి తిప్పుకోవచ్చని గ్యారీ చెప్పాడు. వెనక్కి చెయ్యి పెట్టి తనే తిప్పుకుంది. ఒక్కసారి, ఇంకొక్కసారి. తగిలింది. నళిని కళ్ళు మూసుకుంది. గొంతులోంచి "అబ్బా" అని దానంతటదే వచ్చింది.

పది నిమిషాల తరవాత కళ్ళు తెరిచి, "ఇది కావాలి. అది తీసుకుపోండి" అంది.

గ్యారీ తల గోక్కున్నాడు. వాడినవాటి కోసం అడిగేవాళ్ళున్నారు, మార్చి ఇవ్వచ్చు, కానీ కాగితాలు మీ ఆయన పేరు మీద ఉన్నాయి, ఆయన సంతకం కావాలి అన్నాడు. నళిని ఆఫీసు నంబరు చెప్పింది.

"మీరెక్కడున్నారని చెప్పను?"

"నీళ్ళలో ఉన్నానని చెప్పు."

పావుగంటలో మల్లికార్జున్ వచ్చాడు. టై కట్టుకుని, మెడలో ఆఫీసు బ్యాడ్జీతో, పరుగులాంటి నడకతో. ఏదో ప్రమాదమే జరిగిందనుకున్నట్టున్నాడు. తొట్టిలో భార్యని చూసి కారు ముందుకి లేడి వస్తే బ్రేకు వేసినట్టు ఆగిపోయాడు. తరవాత గబగబా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "నళినీ, ఏంటిది? బయటికి రా. అందరూ చూస్తున్నారు" అన్నాడు.

"ఎవరు చూస్తున్నారో చెప్పండి."

అతను చుట్టూ చూశాడు. గ్యారీ ఫోనులో ఉన్నాడు. ముసలి జంట నీలం రంగు దగ్గరికి వచ్చింది. మల్లికార్జున్ మళ్ళీ ఆమె వైపు తిరిగాడు.

"దీంట్లో ముగ్గురే పడతారు."

"మన ఇంట్లో ఎంతమందిమి?"

అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు. "రామమోహనరావు గారు వచ్చే శనివారం కూడా వస్తామన్నారు. ఆయనకేం చెప్పను?"

"ఆయన నడుం బాగానే ఉందని చెప్పండి."

మల్లికార్జున్ చూపు సీటు మీదికి, నీటిమట్టం మీదికి, ఆమె భుజాల మీదికి వెళ్ళి వచ్చింది. ఆఫీసులో బొమ్మని అలాగే చూస్తాడు కాబోలు. తరవాత ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, తడినేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎక్కడ నొప్పి?" అన్నాడు.

పద్నాలుగు నెలలకి అడిగాడు. థెరపిస్టు మొదటి నిమిషంలో అడిగింది, షాపువాడు కూడా నొప్పెవరికో కనుక్కున్నాడు. మెత్తబడాల్సిన మాటే, కానీ నళినికి ఇన్నాళ్ళూ లేనంత కోపం వచ్చింది. ఈ రెండు మాటలకి ఇంత దూరం రావాలా? గుడ్డలు విప్పి బజార్లో కూర్చోవాలా?

"ఇక్కడ" అంది, నీళ్ళ కింద వేలితో చూపించి.

"నురగలో కనపడటం లేదు."

"చెయ్యి పెట్టి చూడండి."

"షర్టు తడుస్తుంది నళినీ. నాలుగింటికి మీటింగుంది."

"తడవనివ్వండి" అంది నళిని.

అతను ఆమె మొహంలోకి చూశాడు. చొక్కా చెయ్యి మడవకుండానే, వాచీతో సహా, మోచేతి దాకా నీళ్ళలో ముంచాడు. వేళ్ళు వెన్నెముక మీద ఒక చోట ఆగాయి.

"ఇక్కడా?"

"కాదు. కిందకి."